టిక్కు పడని పేజీలు

జూన్ 9, సోమవారం

అసలు ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోయిన ఏడాది డైరీ ఫిబ్రవరిలో ఒక పంటినొప్పి దగ్గర ఆగిపోయింది. ఈ ఏడాది దాంట్లో ఇప్పటిదాకా ఉన్నవల్లా గ్యాస్ బండ మార్చిన తేదీలు. కానీ ఇవాళ రాయకపోతే ఎవరో ఒకరి మీద అరవాలి. ఇంట్లో ఉన్నది మా ఆవిడ మంగాయమ్మ ఒక్కతే. ఆవిడ మీద అరిస్తే తిరిగి అరుస్తుంది, నాకంటే బాగా అరుస్తుంది. అందుకని కాగితం.

గంగాభవానిని మా బొగ్గు యార్డు కాటా గదిలోంచి పంపేశారు.

పద్నాలుగేళ్లు కూర్చుంది ఆ గదిలో. బొగ్గు లారీ కాటా ఎక్కుతుంటే కింద ఇనుప పలక మూలిగే మూలుగు విని "ముప్పై నాలుగు దాటింది" అనేసి, ఆ తర్వాత మీటరు చూసేది. అలాంటి మనిషి పక్కన సెక్యూరిటీ వాణ్ని నిలబెట్టి, బీరువా తాళాలు తీసుకుని, ఎంక్వైరీ అయ్యేదాకా రావద్దన్నారు. టిఫిను డబ్బా మూత తీసి లోపల చూశారట కూడా. పులిహోర ఉందిట. బొగ్గు ఉంటుందనుకున్నారేమో.

కారణం, గురువారం నాటి తొమ్మిది లారీలు. కాటా మీటరు కొట్టిన స్లిప్పుల మీద ఒక బరువు, కంప్యూటర్లో ఇంకో బరువు. అన్నిట్లోనూ స్లిప్పుదే ఎక్కువ. ఒక లారీకి స్లిప్పు ముప్పై నాలుగు వేల ఎనిమిది వందల అరవై కిలోలంటుంది, కంప్యూటరు ఇరవై తొమ్మిది వేల నాలుగు వందల ఇరవై అంటుంది. లారీల వాళ్లతో కలిసి దొంగ స్లిప్పులు కొట్టిందట. ఎంక్వైరీలో తేలితే పోలీసు కేసు. కేసు పడితే గాజువాక నుంచి గంగవరం దాకా ఇంకే కాటా గదిలోనూ ఆవిణ్ని అడుగు పెట్టనివ్వరు.

మేనేజరు తిరుమలరావు గారి మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "స్లిప్పుని మనిషి మార్చగలడు ఎల్లారావు గారూ. కంప్యూటర్‌కి ఆ అవసరం ఏముంది?"

అవసరం లేదట! ముప్పై ఏళ్లుగా ఆ జాతితో కాపురం చేస్తున్నాను. దానికి అవసరాలుండవు, నిజమే. బుద్ధి కూడా ఉండదు.

గురువారమే కదా మా సర్వరుని మధురవాడకి తరలించింది? ఆ సంగతి ఒక్కడూ ఎత్తడేం?

జూన్ 10

ఎంక్వైరీ పద్దెనిమిదిన. కంప్యూటర్లు చూసేవాణ్ని గనక నన్నూ వచ్చి మాట్లాడమన్నారు. కోట్లు తొడుక్కునే వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి కాబట్టి ముందు ఇక్కడ చెప్పి చూసుకుంటాను.

నేను ఇదంతా ఏ కాలేజీలోనూ చదవలేదు. ఆటోనగర్లో మోటార్లు చుట్టుకునేవాణ్ని. పూర్ణా మార్కెట్లో పాత కాగితాల కొట్టుకి ఏదో ఓడ ఆఫీసు వాళ్లు కంప్యూటరు పుస్తకాలు తూకానికి అమ్మేశారు. వాటిల్లో బొమ్మలున్నాయని కొన్నాను. మొదటి పుస్తకానికి మొదటి అరవై పేజీలు లేవు. ఇవాళ్టికీ నాకు కంప్యూటరు అరవై ఒకటో పేజీ నుంచే తెలుసు. ఆ ముందు పేజీల్లో ఏముందోనని అప్పుడప్పుడూ భయం వేస్తుంది. సరే.

మా కాటా ప్రోగ్రాము నడిచేది నిజం కంప్యూటర్లో కాదు, పెద్ద సర్వరు లోపల ఉన్న ఉత్తుత్తి కంప్యూటర్లో. వర్చువల్ మెషీన్. దాని సుఖం ఏమిటంటే, నడుస్తూ ఉండగానే దాన్ని ఇక్కడి సర్వరు లోంచి ఎత్తి మధురవాడలో ఉన్న సర్వర్లో దింపచ్చు. "ఒక్క సెకను కూడా పని ఆగదు" అని ఆ మధురవాడ కంపెనీ వాళ్లు గోడ మీద రంగు బొమ్మలేసి మరీ చూపించారు. జీడిపప్పు బిస్కట్లు కూడా పెట్టారు.

ఎలా దింపుతారు? మెమరీ అంతా చిన్న చిన్న పేజీలు. ఒక గుమాస్తా రిజిస్టరులో రాస్తూనే ఉన్నాడు. ఇంకొకడు పక్కనే కూర్చుని ఆ పేజీలన్నీ ఊరవతల ఉన్న కొత్త రిజిస్టరులోకి ఎక్కిస్తున్నాడు. అతను నూరో పేజీలో ఉండగా గుమాస్తా వెనక్కి తిప్పి మూడో పేజీలో ఒక అంకె మార్చాడు. అక్కడ కొత్త రిజిస్టరులో మూడో పేజీ పాతదైపోయింది. ఎవరికి తెలుస్తుంది?

అందుకని ప్రతి పేజీకీ ఒక తాళం వేస్తారు. చదువుకోవచ్చు, రాయడానికి లేదు. ప్రాసెసరు రాయబోతే తాళం అడ్డం పడుతుంది. సర్వరు అది చూసి, ఆ పేజీ పక్కన టిక్కు పెట్టి, తాళం తీసి, రాసుకో నాయనా అంటుంది. రెండో విడతలో టిక్కున్న పేజీలే పంపుతారు. ఈలోపు మళ్లీ కొన్నిటికి టిక్కులు పడతాయి. మూడో విడత. ఇలా తగ్గుతూ తగ్గుతూ నాలుగైదు పేజీలు మిగిలాక, రెప్పపాటు ఆపి, ఆ మిగిలినవి పంపి, అక్కడ లేపుతారు. ఇంత చక్కటి పని మనిషన్నవాడు ఇంకోటి కనిపెట్టలేదు, ఇడ్లీ తప్ప.

గురువారం ఇదంతా పదకొండూ నలభైకి మొదలై పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది లారీలూ కాటా ఎక్కింది ఆ పద్దెనిమిది నిమిషాల్లోనే. నాకు అప్పుడే అర్థమైంది. ఎక్కడో టిక్కు పడలేదు. పూర్తిగా మధురవాడ వాళ్ల తప్పు.

ఆ కంపెనీ ఇంజనీరు జ్యోతిర్మయి ముందు రోజు నాకు ఫోను చేసింది. ఏదో కార్డు గురించి అడిగింది. చెప్పాను.

జూన్ 11

యార్డులో గంగాభవాని పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఆవిడ కుర్చీ మీద ఎవరో ఫ్యాను విప్పి పెట్టారు.

జూన్ 12

హుస్సేన్ బాషా దగ్గరికి ఆటోనగర్ వెళ్లాను. మా కాటాకి రిపేర్లు చేసేది, బరువులు పెట్టి సరిచూసేది అతనే. నాకు నలభై ఏళ్ల స్నేహితుడు. మొన్న మంగళవారం అతన్ని పిలిపించి కాటా చూపించారట.

"ఇరవై టన్నుల రాళ్లెట్టి సూసేను బావా. ఇరవై కేజీలు కూడా తేడా నేదు. అదే రాసిచ్చేను. మేనేజరు ఏటన్నాడో తెల్సా? కాటా మంచిదైతే మనిషే చెడ్డదన్నమాట అన్నాడు. నా కాయితం ఆ పిల్లకే ఎదురు తిరిగింది."

"చెడ్డది మధురవాడోళ్ల తరలింపు బాషా. టిక్కులు పడనేదు."

అతనికి టిక్కుల కథ అంతా చెప్పాను. టీ చల్లారిపోయింది. బాషా గడ్డం గోక్కుని అన్నాడు:

"అంతా బాగానే ఉంది గానీ, ప్రాసెసరు రాత్తేనే కదా తాళం అడ్డం పడేది? మరి కాటా బరువులు ప్రాసెసరు రాయదు కదేటి. కార్డు రాత్తాది. కాటా నుంచి బరువు మోసుకొచ్చే కార్డు, మనం బిగించింది."

"ఏ కార్డు?"

"ఏ కార్డేటి బావా! నాలుగేళ్ల కితం, ఈ బల్ల మీదే కదా దాని తిప్పలన్నీ పడ్డావ్? బరువు తెర మీదకి రావడానికి ఆరు సెకన్లు పడతంది, లారీలోళ్లు బూతులు తిడతన్నారని, మద్దిలో సర్వరికి సంబంధం నేకుండా కార్డుని తిన్నగా ఆ ఉత్తుత్తి కంప్యూటరికే అప్పజెప్పేసేవు. మర్నాడు నాకు బొబ్బట్లు కూడా తెచ్చేవు."

బాషాకి వయసు మీద పడుతోంది. కార్డు తిన్నగా అప్పజెప్పడం వేరు, అది టిక్కు తప్పించడం వేరు. రెండూ కలిపేస్తున్నాడు.

జూన్ 13

రెండూ ఒకటే. అరవై ఒకటో పేజీ తర్వాతే ఉంది ఇది. నాకు తెలియంది కాదు.

అయినా నేను చేసింది మంచి పని. ఆరు సెకన్లని అర సెకను చేశాను. నాలుగేళ్లు ఒక్క లారీవాడు నోరెత్తలేదు. పాత ఇంటికి నాలుగేళ్లు పనికొచ్చిన దొడ్డిదారిని, ఇల్లు మార్చేవాడు చూసుకోవద్దా? చూసుకోవడం వాళ్ల పని. ఇంజనీర్లట.

జూన్ 14, శనివారం

దొరికింది!

కార్డుకి మెమరీలో నలభై గడులున్నాయి. ఒక్కో లారీ బరువు ఒక్కో గడిలో పడేస్తుంది. నలభై నిండాక మళ్లీ మొదటి గడి మీదకొచ్చి పాత దాని మీదే రాస్తుంది. లారీ బొగ్గు దింపేసి బయటికి పోయేటప్పుడు ప్రోగ్రాము ఆ గడిలోంచి బరువు తీసి పక్కాగా ఎక్కిస్తుంది. అంటే తరలింపు జరుగుతుండగా కార్డు తొమ్మిది గడుల్లో కొత్త బరువులు రాసింది, టిక్కు పడలేదు, మధురవాడకి పాత గడులే వెళ్లాయి. పాత గడులంటే? సరిగ్గా నలభై లారీల ముందు బరువులు!

గురువారం జాబితా తీసి స్కేలు పెట్టి చూశాను. మంగాయమ్మని చదవమన్నాను. ఆవిడ పొద్దుటి లారీల బరువులు చదివింది, నేను ఆ తొమ్మిదింటి బరువులు చూసుకున్నాను. ఇరవై తొమ్మిది వేల నాలుగు వందల ఇరవై. ఉంది. ముప్పై వేల నూట ఎనభై. ఉంది. తొమ్మిదీ అదే వరసలో. కిలో తేడా లేదు. పొద్దున్న వచ్చినవన్నీ చిన్న లారీలు, అందుకే తక్కువ.

"అయితే ఆ పిల్ల తప్పు నేదన్నమాట" అంది మంగాయమ్మ.

"నేదు."

"మరెవరిదండీ?"

జాబితా మడిచి పెట్టాను. ఆవిడకి ప్రతిదానికీ ఎవరో ఒకరు కావాలి.

జూన్ 15, ఆదివారం

గంగాభవానిని గాజువాక డిపో ఎదురు టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాను. వారంలో చిక్కిపోయింది. తొమ్మిది బరువులూ చూపించి, పేజీలు, తాళాలు, టిక్కులు అన్నీ చెప్పాను. తిరుమలరావు గారికి నెల రోజులు చెప్పినా ఎక్కనిది ఆవిడకి టీ సగం తాగేలోపు ఎక్కింది.

"అంటే మన సుద్దగీతే కదా బాబాయ్? పొద్దున్న ఒకపాలి ఖాళీ బండి బరువు తీసి రాసుకుంటాం. ఆనక ఆ బండి డీజిల్ కొట్టించుకొచ్చినా, టైరు మార్చినా, గేటోడు సక్రం మీద సుద్దగీత గీత్తాడు. గీతున్న బండినే మళ్లీ ఖాళీగా తూత్తాం. గీత నేకపోతే పొద్దుటి బరువే ఖాయం."

"అదే అమ్మా! అచ్చం అదే!"

"అయితే ఏదో బండి గేటోడి కంట పడకుండా ఎనక కంచె కాడ్నుంచి వచ్చేసినట్టు. బరువు మారింది, గీత పడనేదు."

నాకు లేచి నిలబడి దండం పెట్టాలనిపించింది. ఇలాంటి బుర్రని పంపేసి, రంగు బొమ్మల వాళ్లకి బిస్కట్లు తినిపిస్తారా! ఆ మాటే పైకి అన్నాను. నవ్వింది. వారంలో మొదటిసారి నవ్వానంది.

తర్వాత గ్లాసు కింద పెట్టి అడిగింది:

"మరి ఆ ఎనకదారి ఎట్టిందెవులు బాబాయ్?"

"పాత ఏర్పాటమ్మా. ఎప్పటిదో."

"ఎవలెట్టేరో తెలిస్తే ఆలే వచ్చి సెప్పేత్తారు కదా, తెగిపోద్ది."

"నాను సెప్తాను కదా అన్నీ. నువ్వు బెంగెట్టుకోకు."

బస్సు ఎక్కించాను. నాలుగేళ్ల కిందటిదాన్ని ఎప్పటిదో అనచ్చు. అందులో అబద్ధమేమీ లేదు.

జూన్ 16

ఆ రోజు ఫోన్లో జ్యోతిర్మయి అడిగింది ఏదో కార్డు గురించి కాదు. "సార్, ఈ మెషీన్‌కి నేరుగా అప్పగించిన కార్డు ఏమన్నా ఉందా? మీ కాగితాల్లో లేదు, మా టూల్ అనుమానపడుతోంది" అని అడిగింది.

జూన్ 17

ఏమీ రాయడానికి లేదు. చొక్కా ఇస్త్రీ చేయించాను.

జూన్ 18, బుధవారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది, నా సంగతి నాకు తెలుసు.

మీటింగు గదిలో తిరుమలరావు గారు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒకాయన, జ్యోతిర్మయి, నేను. గంగాభవానిని తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. మాకు ఏసీ, ఆవిడకి తలుపు సందులోంచి వచ్చే బొగ్గు గాలి.

తొమ్మిది బరువులు, పొద్దుటి తొమ్మిది బరువులు, పక్కపక్కన పెట్టి చూపించాను. గెలిచేశాననుకున్నాను. తిరుమలరావు గారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఆయన ముఖం వెలిగింది.

"అంటే పొద్దుటి బరువుల్నే ఎవరో మళ్లీ కొట్టారన్నమాట. వరసగా కాపీ చేశారు. కాటా గదిలో పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది?"

అందరూ తలుపు వైపు చూశారు.

"నాను కొట్టనేదు సార్. పొద్దుటి బరువులు కొట్టుకుని నాకేటొత్తాది? తక్కువెయ్యడానికి ఎవలైనా దొంగతనం సేత్తారా?" అంది గంగాభవాని.

"అది పోలీసులు అడుగుతారమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. నా చేత్తో తెచ్చిన కాగితం! బాషా కాగితం ఎదురు తిరిగినట్టే ఇదీ తిరిగింది. "ఎవరూ కొట్టలేదండీ, తరలింపులో టిక్కులు పడలేదు" అని అరిచాను.

జ్యోతిర్మయి మెల్లగా అంది: "ప్రాసెసర్ రాసిన ప్రతి పేజీకీ టిక్కు పడింది సార్. మా దగ్గర లాగ్ ఉంది. ప్రాసెసర్‌ని దాటిపోయి మెమరీలో రాయగలిగేది నేరుగా అప్పగించిన కార్డు ఒక్కటే. అలాంటివి ఉంటే మా టూల్ తరలించనంటుంది. అంది కూడా. కానీ ఆ కార్డు పాత సెట్టింగుల్లో పేరు మాత్రమేనని, నిజానికి లేదని మీ వైపు నుంచి చెప్పారు. అందుకే దాన్ని పక్కకి నెట్టి ముందుకెళ్లాం. కొత్త సర్వర్లో కాటా బరువులు మామూలు దారిలోనే వచ్చేలా పెట్టాం."

"మా వైపు నుంచి ఎవరు చెప్పారు?"

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి చూసింది. ఫోన్లో నా గొంతు విన్న మనిషి, నాకు ఎదురుగా కూర్చున్న మనిషి. "లాగ్‌లో పేరు లేదు సార్. కస్టమర్ చెప్పారు అని మాత్రమే ఉంది."

నా తెల్లజుట్టు చూసి జాలిపడిందో, టూల్ వద్దన్నా తోసుకుపోయిన సంగతి ఎక్కువ లాగకూడదనుకుందో నాకు తెలియదు. తలుపు మాత్రం తీసిపెట్టింది. నేను లేచి బయటికి వెళ్లిపోతే సరిపోయేది. తిరుమలరావు గారు అప్పటికే కాగితం ముందుకి లాక్కుని కలం మూత తీశారు. గంగాభవాని ఆయన్ని చూడటం లేదు. నన్ను చూస్తోంది. బాబాయ్ ఏదో ఒకటి చెప్తాడని.

"నేనే చెప్పాను" అన్నాను.

హెడ్డాఫీసాయన నా పేరు అడిగాడు. చెప్పాను. మిగతాదంతా కూడా చెప్పాను. కార్డుని నేరుగా అప్పగించింది నేనేనని, ఎవరి అనుమతీ అడగలేదని, ఏ కాగితంలోనూ రాయలేదని. తరలింపుకి ముందు రోజు ఈ అమ్మాయి అడిగితే నేనన్న మాట "అలాంటి అడ్డదారులు మా యార్డులో ఉండవమ్మా" అని. ఉందంటే ఎవరు పెట్టారు, ఎందుకు రాయలేదు అని అడుగుతారు. చదువుకున్న పిల్ల ముందు, అచ్చు పుస్తకంలో చెయ్యొద్దన్న పనే చేసి కూర్చున్నానని ఒప్పుకోవాలి. ఒక్క క్షణం. లేదు అనడానికి పట్టింది అంతే.

పాత సర్వరు ఇంకా యార్డులోనే ఉంది, సెట్టింగులు ఎవరూ చెరపలేదు. అక్కడికి తీసుకెళ్లి చూపించాను. జ్యోతిర్మయి చూసి తలూపింది. "పద్దెనిమిది నిమిషాల్లో కార్డు రాసిన ఒక్క పేజీకి కూడా టిక్కు పడే దారి లేదు సార్. ఈవిడ ఏమీ చెయ్యలేదు" అని రాసి సంతకం పెట్టింది.

వరండాలో గంగాభవాని నా పక్కనుంచే వెళ్లింది. ఆగింది.

"పది రోజులు బాబాయ్. ఆదివారం నాతో టీ తాగినప్పుడు కూడా నీకు తెలుసు."

నేనేదో మొదలుపెట్టాను. ఆరు సెకన్ల దగ్గర్నుంచి మొదలుపెట్టినట్టున్నాను. ఆవిడ వినలేదు.

జూన్ 20

నా కాంట్రాక్టు రద్దు చేశారు. అది న్యాయమే, దాని మీద కోపం లేదు. నా కోపమల్లా ఇంకోదాని మీద. గంగాభవానిని తిరిగి పనిలోకి రమ్మంటూ ఇచ్చిన కాగితం ఫొటో తీసి బాషా నాకు పంపాడు. "సాంకేతిక పొరపాటు జరిగినందున" అని ఉంది. జరిగిందట! వాన పడినట్టు! టిఫిను డబ్బా మూత తీసి చూసిన వాళ్లెవరు, పోలీసు కేసన్నది ఎవరు, ఒక్కడైనా తప్పయిందమ్మా అన్నాడా? ఇంత సిగ్గులేని మనుషుల్ని నేను చూడలేదని మంగాయమ్మతో అన్నాను.

"మీరన్నారా?" అంది.

అనలేదు.

జూన్ 23, సోమవారం

నా పనిముట్ల సంచి యార్డులో ఉండిపోయిందని వెళ్లాను. పాసు లేదని గేటు దగ్గరే ఆపారు. కాటా గదికి ఫోను చేస్తే గంగాభవాని సంచి తీసుకుని తనే వచ్చింది. వెనక రెండు లారీలు హారన్లు కొడుతున్నాయి.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. ఇంట్లో అనుకుని వెళ్లింది చాలా ఉంది గానీ అంతే వచ్చింది.

ఆవిడ సంచి బల్ల మీద పెట్టి, విజిటర్ల పుస్తకం నా వైపు తిప్పింది. పేరు, ఊరు, టైము రాశాను. 'ఎవరి కోసం' అన్న గడి దగ్గర ఆగాను.

"సంచి కోసం అని రాయండి" అంది.

రాశాను. సంచి తీసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కాను.